గోడ తగిలేదాకా

ఆవిడ అసలు హోదా కోడింగ్ టీచర్. రెండో తరగతి పిల్లల నోళ్ళలో పడ్డ మర్నాటికే అది కోడి టీచర్ అయి కూర్చుంది. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు కొక్కొరొకో అని కూసేవాళ్ళు. ఆవిడేమన్నా తక్కువ తిన్నదా? "కూసేది పుంజర్రా. నేను పెట్టకోడిని. ముందు ఆ తేడా తెలుసుకోండి, కోడింగ్ తర్వాత నేర్చుకుందురుగాని," అనేది.

ఆ బడిలో కంప్యూటర్లు లేవు. ఉన్నాయని ఎవరూ అబద్ధం చెప్పలేదు కూడా. "వస్తున్నాయి" అని మాత్రం అనేది పెద్ద మేడమ్, అంటే ప్రిన్సిపాల్. ఎనిమిది నెలలుగా అవి వస్తూనే ఉన్నాయి. గేటు మీద 'ఒకటో తరగతి నుంచే కోడింగ్' అని బారెడు బ్యానరు మాత్రం ముందే కట్టేశారు. కంప్యూటర్ గదిలో ఎనిమిది బల్లలు, ఎనిమిది కుర్చీలు, గోడ నిండా ప్లగ్గులు, ఓ మూల ఆయమ్మ చీపుళ్ళూ బకెట్లూ.

"లేకపోతే పీడాపోయె," అంది కోడి టీచర్ చేరిన రోజే. "కంప్యూటరంటే బుర్ర లేని బంటు మేడమ్. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, చెప్పంది చచ్చినా చెయ్యదు. అలాంటివాడికి పని చెప్పడం నేర్పాలంటే వాడు ఎదురుగా ఉండాలా ఏంటి?" పెద్ద మేడమ్‌కి ఆ మాట తెగ నచ్చేసింది. కంప్యూటర్ల గురించి ఫోను చేసే పని తప్పింది కదా మరి.

కోడి టీచర్ అంతకుముందు తొమ్మిదేళ్ళు ఓ కంపెనీలో పనిచేసింది. వాళ్ళూ వీళ్ళూ రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి మొత్తం జట్టుకి జట్టునే తీసేశారు. అప్పట్నుంచీ ఆవిడకి కూర్చుంటే తోచదు. పాఠం నిలబడి చెబుతుంది, అన్నం నిలబడి తింటుంది, నోటుబుక్కులు నడుస్తూ దిద్దుతుంది. "కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? నిన్ను చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని వాళ్ళక్క రోజూ తిడుతుంది.

అక్కది బట్టలు కుట్టే వర్క్‌షాపులో పని. ముప్ఫై మిషన్ల మీద అజమాయిషీ. ఉన్నది ఒక్కతే కూతురు. ఏడేళ్ళది. దాని అసలు పేరు రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడదు, ఇంట్లోనూ బడిలోనూ మిడత అంటేనే పలుకుతుంది. బెంచీ మీదనుంచి బెంచీ మీదకి, అక్కణ్ణుంచి కిటికీ మీదకి. ఒకచోట అర నిమిషం నిలబడితే జ్వరమొచ్చిందేమోనని ఒళ్ళు పట్టి చూడాల్సిందే. పాత బడివాళ్ళు "మా వల్ల కాదమ్మా" అని దణ్ణం పెట్టేశారు. అప్పుడు చెల్లెలే భరోసా ఇచ్చింది. "మా బడిలో వెయ్యి అక్కా. నా కళ్ళముందుంటుంది. నాదీ పూచీ," అంది. అక్క ఊరికే ఒప్పుకోలేదు. "దానికి చెప్పిన మాట వినడం ఒక్కటి నేర్పవే, నీకు పుణ్యముంటుంది," అంది.

ఆ మాట కోడి టీచర్ మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి, పై అంతస్తులో, రెండో తరగతికి మరబొమ్మాట. ఇద్దరిద్దరు జతలు. ఒకరు చీటీ రాస్తారు, ఇంకొకరు మరబొమ్మ. చీటీలో ఏముంటే మరబొమ్మ అదే చెయ్యాలి, సొంత తెలివి వాడకూడదు. ఎక్కడికి చేరాలో చీటీ రాసినవాళ్ళకే తెలుసు. ఒకరిది కింద గంట, ఒకరిది నీళ్ళ కుళాయి, ఒకరిది లైబ్రరీ గది. మరబొమ్మ చేరాక చీటీ రాసినవాళ్ళు వెళ్ళి భుజం తట్టాలి, అప్పుడే అది మళ్ళీ మనిషవుతుంది.

"టీచర్, కుడి అంటే ఏ వైపు?" అని ఎవరో అడిగారు. ఏడేళ్ళ పిల్లలకి కుడీ ఎడమా ఎప్పుడూ గొడవే. "రాసే చెయ్యి ఉందే, అది కుడి. రెండోది ఎడమ. అయిపోయిందా?" అంది కోడి టీచర్, నల్లబల్లకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే.

మిడత మరబొమ్మ. దానికి జత లాయరు. ఆ పిల్లకి ఆ పేరు ఎందుకొచ్చిందో అరగంట మాట్లాడితే మీకే తెలుస్తుంది. మధ్యాహ్నం మూడైందని చెప్పినా "ఎవరు చెప్పారు?" అని నిలదీసే రకం.

పంపేముందు కోడి టీచర్ వంగి మిడత చెవిలో అంది: "ఇవాళ చీటీలో ఉన్నదే చెయ్యి. ఒక్కటి కూడా తప్పకూడదు. చేస్తే సాయంత్రం మీ అమ్మ దగ్గర నిన్ను పొగుడుతా." మిడత తల ఊపింది. పదకొండు మరబొమ్మలూ చేతులు బిగబట్టి, గుడ్లు మిటకరించి గుమ్మం దాటాయి. కోడి టీచర్ మెట్ల దగ్గర కాపలా నిలబడింది, కింద పడిపోకుండా.

పావుగంటకి లాయరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నా మరబొమ్మ పారిపోయింది టీచర్."

"పారిపోవడమేంటే?"

"లైబ్రరీలో ఉండాలి. లేదు. ఆయమ్మనడగండి."

లైబ్రరీ గుమ్మంలో ఆయమ్మ ముక్కాలి పీట వేసుకుని కూర్చునుంది. "ఇటు ఏ పిల్లా రాలేదు తల్లీ. నేను కన్ను కూడా ఆర్పలేదు," అంది. 

కోడి టీచర్‌కి ముందు కోపమే వచ్చింది. చెవిలో అంత చెప్పి పంపితే గాలికొదిలేసి ఎక్కడో గంతులేస్తోందన్నమాట! జారుడుబల్ల దగ్గర చూసింది. లేదు. సామాన్ల గది వెనక పిల్లి పిల్లల్ని పెట్టింది, పోయినవారం మిడత అక్కడే దొరికింది. అక్కడా లేదు. మరుగుదొడ్ల తలుపులు ఒక్కొక్కటే నెట్టింది. మూడో తరగతి బెంచీల కింద దూరి చూసింది. "అది ఎక్కడ చెప్పిన మాట విని చచ్చింది గనక!" అని పైకే తిట్టుకుంది.

రెండో చుట్టుకి కోపం పోయి భయం పట్టుకుంది. గేటు దగ్గరికి పరిగెత్తింది. వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది, కుర్చీ మీద వార్తాపత్రిక, పక్కన సగం తాగిన టీ గ్లాసు. వాచ్‌మన్ మూల మీదనుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "రెండంటే రెండే నిమిషాలమ్మా! ఎవరూ బయటికి పోలేదు!" అన్నాడు. ఎవరూ పోలేదని కుర్చీ చెప్పిందా నీకు అని అరిచి, ఆవిడ వీధిలోకి దూకింది.

జిరాక్సు కొట్టతను చూళ్ళేదన్నాడు. సైకిళ్ళు బాగుచేసే ముసలాయన ట్యూబుకి అంటుపెడుతూ తలెత్తి, "ఏం రంగు గౌను?" అన్నాడు. ఏం రంగని చెప్పాలి? యూనిఫారం గౌనే కదా, బడిలో పిల్లలందరిదీ అదే రంగు. మలుపు దాకా పరిగెత్తింది, మలుపు దగ్గర బస్సు కదిలిపోతోంది. ఆ బస్సు కిటికీలన్నీ చూసింది. వెనక్కి తిరిగింది. అరికాళ్ళు మండుతున్నాయి, చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలీదు.

అప్పుడే ఫోను మోగింది. అక్క.

"ఏమేవ్, కరెంటు పోయింది, మిషన్లు ఆపేశాం. ఇవాళ తొందరగా వచ్చేస్తున్నా. మూడుకల్లా గేటు దగ్గరుంటా. ఎలా ఉంది మా రాక్షసి?"

"బానే ఉంది అక్కా."

"ఏంటా రొప్పడం?"

"మెట్లెక్కుతున్నా," అని పెట్టేసింది. ఆ అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. టైము రెండూ నలభై.

బడంతా మేలుకుంది. పెద్ద మేడమ్ వరండాలో అటూ ఇటూ నడుస్తూ, "పోలీసులకి చెప్దామా, ఇంకో పదినిమిషాలు చూద్దామా?" అని కనపడ్డవాళ్ళందర్నీ అడుగుతోంది. ఆయమ్మ "మిడతా! మిడతా!" అని పిలుస్తూ కింద నుంచి పై దాకా రెండుసార్లు ఎక్కి దిగింది. పై అంతస్తు వరండా చివర డాబా తలుపు కూడా లాగి చూసింది. తాళం వేసే ఉంది. డాబా మీద పిట్టగోడ కూలిపోయేలా ఉందని తాపీ మేస్త్రి నాలుగు రోజులుగా పడగొట్టి కడుతున్నాడు, పని ఆపినప్పుడల్లా తాళం వేసుకుని పోతాడు. ఇవాళ కూడా రెండు దాటాక అన్నానికి వెళుతూ వేసుకునే పోయాడు.

కోడి టీచర్ తరగతికి తిరిగొచ్చింది. పిల్లలు గుసగుసలాడుతున్నారు. ఎవరూ కూయలేదు.

"చీటీ ఏదీ?" అంది లాయరుతో.

"అది పట్టుకుపోయింది. నాకు నోటికొచ్చు." లాయరు కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పింది: "గుమ్మం దాటు. కుడికి తిరుగు. తలుపు వచ్చేదాకా నడువు. తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్ళు, లేకపోతే మూడుసార్లు తట్టు. కుడికి తిరుగు. గోడ తగిలేదాకా నడువు. నేను వచ్చి భుజం తట్టేదాకా కదలకు. అంతే టీచర్. నా చీటీలో తప్పు లేదు."

కోడి టీచర్ గుమ్మం దాటింది. కుడికి తిరిగింది. నడిచింది. లైబ్రరీ తలుపు. లోపలికి. కుడికి. గోడ. ముక్కు గోడకి తగిలింది. ఎక్కడా తప్పు లేదు. పాత ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా ఇదే అనేవాళ్ళు, మా దగ్గర బానే పనిచేస్తోంది మేడమ్ అని. అలా అన్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండేది. వెనక్కొచ్చి ఇంకోసారి నడిచింది. మళ్ళీ అదే గోడ. పిల్ల మాత్రం లేదు.

"మీరు నడిస్తే అక్కడికే వెళ్తుంది టీచర్," అంది వెనకే వచ్చిన లాయరు. ఆ పిల్ల గొంతు కూడా సన్నబడిపోయింది. "అది నడిస్తే ఎలా వెళ్తుందో మరి."

"ఏం, దానికి వేరే కాళ్ళున్నాయా?"

"కాళ్ళు కాదు, చెయ్యి. రాసే చెయ్యి కుడి అన్నారుగా మీరు. అది ఈ చేత్తో రాస్తుంది." లాయరు ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది.

కోడి టీచర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

రోజూ చూసే చెయ్యి! ఇంట్లో హోంవర్కు చేసేటప్పుడు అక్క ఆ పెన్సిలు లాగి కుడి చేతిలో పెడితే, "పోనీవే, ఎడమైతే ఏం కొంప మునిగింది?" అని వెనకేసుకొచ్చింది తనే. ఇరవైరెండు మంది ముందు నిలబడి రాసే చెయ్యే కుడి అని చెప్పిందీ తనే. అందరూ అల్లరిపిల్ల ఎక్కడుంటుందో అక్కడల్లా వెతికారు. జారుడుబల్ల, పిల్లిపిల్లలు, వీధి. అది చెప్పినట్టే చేసిందేమోనని ఒక్కరికీ తోచలేదు. సొంత పిన్నికి కూడా.

గుమ్మం దాటి ఎడమకి తిరిగితే? వరండా చివర తలుపు. డాబా తలుపు. రెండింటికి మేస్త్రి ఇంకా అన్నానికి పోలేదు కదా, తలుపు తెరిచే ఉండుంటుంది; అటు తిరిగి ఉన్నాడో ఏమో, పిల్లని చూడకుండానే తాళం వేసుకుని పోయుంటాడు. తెరిచి ఉంటే లోపలికి వెళ్ళు. మళ్ళీ ఎడమకి. గోడ తగిలేదాకా నడువు.

ఎడమవైపు గోడే లేదు. నాలుగు రోజుల క్రితం పడగొట్టేశారు.

"తాళం!" అని ఆవిడ పెట్టిన కేకకి కింద అంతస్తులో పాఠాలు ఆగిపోయాయి. మేస్త్రి దగ్గరున్నది ఒకటి, రెండోది ఆయమ్మ నడుముకి వేలాడే గుత్తిలో ఉంది. అన్నిట్లో అదేదో ఆయమ్మకి దొరకలేదు. కోడి టీచర్ గుత్తి లాక్కుంది. ఒకటి పట్టలేదు. రెండోది పట్టలేదు. మూడోది సగం తిరిగి ఆగింది. "దేవుడా దేవుడా దేవుడా," అంటూనే ఉంది. నాలుగోది తిరిగింది.

ఎండ కళ్ళలో కొట్టింది. డాబా అంతా తెల్లటి సిమెంటు దుమ్ము, ఇటుకల గుట్ట, తట్ట, తాపీ. దుమ్ములో చిన్న బూట్ల గుర్తులు. తలుపు దగ్గర మొదలై, ఎడమకి తిరిగి, తిన్నగా అంచుకి పోయాయి. అంచుకి ఓ తాడు కట్టుంది. ఆ తాడు ఏడేళ్ళ పిల్ల నుదుటికి పైనే ఉంటుంది. 

ఆవిడ అంచు దాకా వెళ్ళలేకపోయింది. కూర్చుండిపోయింది. అలా కూర్చున్నప్పుడు పక్కకి కనపడింది, నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు. ట్యాంకు వెనక రెండు తెల్ల సాక్సులు.

మిడత ట్యాంకుకి ముక్కు ఆనించి నిలబడి ఉంది. చేతులు బిగబట్టి ఉంది. చెంపలు ఎండకి కమిలిపోయాయి. గౌను కింద తడిసి ఆరింది, మళ్ళీ తడిసింది. ఎడమ చేతిలో చీటీ చెమటకి నానిపోయింది. దాదాపు గంటసేపు కదలని ఆ పిల్లని చూస్తే కోడి టీచర్‌కి ఏడుపొచ్చింది.

"తల్లీ! మేం అరుస్తుంటే వినపడలేదా?"

"వినపడింది," అంది మిడత కదలకుండానే. "పిలిస్తే పలుకు అని చీటీలో లేదుగా. భుజం తట్టేదాకా అని ఉంది. తట్టు పిన్నీ."

పిన్ని తట్టలేదు, వాటేసుకుంది. అప్పుడు గాని ఆ పిల్ల బిగదీసుకున్న ఒళ్ళు వదులు కాలేదు. వదులవగానే ఏడుపు లంకించుకుంది. దాహానికో ఎండకో ఏడుస్తోందనుకుంది పిన్ని. కాదు.

"నేనొక తప్పు చేశాను పిన్నీ. లాయరుకి చెప్పకు."

"ఏం చేశావమ్మా?"

"గోడ తగిలేదాకా నడవమంది. అక్కడ గోడ లేదు. ఇంకా నడవాలి కదా. కాలు కూడా ఎత్తాను. కిందకి చూస్తే సైకిలు తాత చిన్నగా కనపడ్డాడు. భయమేసింది." ఎక్కిళ్ళు పెట్టింది. "చీటీలో లేకపోయినా వెనక్కొచ్చేశాను. వచ్చి, ట్యాంకే గోడ అనుకున్నా. అది గోడ కాదని నాకు తెలుసు. తెలిసే మోసం చేశాను. ఇంక అమ్మ దగ్గర నన్ను పొగడవు కదూ?"

కోడి టీచర్ దుమ్ములోకి చూసింది. అంచు దాకా పోయిన గుర్తుల పక్కనే, అడుగు వెనక్కి వేసుకుంటూ వచ్చిన గుర్తులు. నాలుగంటే నాలుగు అడుగులు. ఆ నాలుగూ ఎవరూ రాసివ్వలేదు. తను రాయలేదు, లాయరు రాయలేదు. తను చెవిలో చెప్పిన మాటైతే ముందుకే తోసింది.

"విను," అంది ఆ పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుని. "నువ్వు చేసింది తప్పు కాదు. నేను చెప్పింది తప్పు. ఒక్కటి కూడా తప్పకూడదన్నానే, అది తప్పు. అలాంటి చోట చీటీ ఏం చెప్పినా, నేనేం చెప్పినా, మీ అమ్మేం చెప్పినా వినకు. వెనక్కొచ్చెయ్. తెలిసిందా?"

"వినకపోయినా తిట్టవా?"

"తిట్టను."

"పొగుడుతావా?"

"పొగుడుతా," అంది పిన్ని, ముక్కు చీదుకుంటూ.

మిడత నమ్మాలా వద్దా అన్నట్టు పిన్ని కళ్ళలోకి ఓసారి చూసింది. నమ్మినట్టే ఉంది, కళ్ళు తుడుచుకుంది. ఆయమ్మ గుమ్మంలో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కింద గేటు చప్పుడైంది. అక్క గొంతు వినపడింది, వాచ్‌మన్‌తో ఏదో హాస్యమాడుతోంది. ఆవిడకింకా ఏమీ తెలీదు.

కోడి టీచర్ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టుకీ మాట వెతుక్కుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, పూచీ నాదన్న నోటితోనే ఇది ఎలా చెప్పాలి? ఆ ఫోనులో అబద్ధం ఎందుకాడానని అడిగితే ఏమనాలి? చివరి మెట్టు కూడా దిగారు. అంతలో మిడత చెయ్యి విడిపించుకుంది, తడి గౌనుతోనే వాళ్ళమ్మ మీదకి ఒక్క గెంతు గెంతింది.

"అమ్మా! నేనివాళ చెప్పిన మాట వినలేదు తెలుసా!"

అక్క మొహం మాడిపోయింది. "ఛీ, ఈ తడేంటి? వినకపోవడం కూడా ఓ గొప్పేనా నీకు? నీ తిక్క కుదురుస్తానుండు," అని చెయ్యెత్తింది.

ఆ చెయ్యి కిందకి దిగకుండా కోడి టీచర్ రెండు చేతులతో పట్టేసుకుంది. వదల్లేదు.

"దాన్నేమీ అనకు అక్కా. అది విననందుకే ఇవాళ మనకి మిగిలింది. ఆ దెబ్బ నాకు వెయ్యి. ముందు ఇలా కూర్చో, నేను చెప్పేది మొత్తం విను."